ఒక సినిమాని సీన్ సీన్‌గా విప్పి కథనం నేర్చుకోవడం ఎలా

"కథ బాగుంది కానీ కథనం తేలిపోయింది" అనే మాట లేకుండా మన దగ్గర రివ్యూ ఉండదు. సెకండాఫ్ ల్యాగ్ అంటారు, స్క్రీన్‌ప్లే గ్రిప్పింగ్ అంటారు, సరే ఆ గ్రిప్ ఎక్కడినుంచి వచ్చింది ఎక్కడ జారిపోయింది అని అడిగితే మాత్రం చెప్పరు. షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకునేవాళ్ళైనా వెబ్ సిరీస్ రాద్దామనుకునేవాళ్ళైనా, ఊరికే సినిమా పిచ్చి ఉన్నవాళ్ళైనా సరే, ఇది చేత్తో చేసి నేర్చుకోవాల్సిన పని. ఒక నోటుబుక్కు, ఒక పెన్ను, ఓటీటీలో ఒక సినిమా ఉంటే చాలు, ఒక ఆదివారం మొత్తం పోతుంది, రెండు పోయినా ఆశ్చర్యం లేదు.

నా లెక్కలో కథనం అంటే ఏ సంగతి ఎవరికి ఎప్పుడు తెలిసింది అన్నదే. ఫ్లాష్‌బ్యాకులు, ట్విస్టులు, ఇంటర్వెల్ బ్యాంగులు, సీరియల్లో శనివారం ఎపిసోడ్ చివర ఆపేయడాలు అన్నీ ఇందులోంచే పుడతాయి. కింద స్టెప్పులన్నీ దాన్ని పట్టుకోవడానికే. ముందే చెప్తున్నా, మాయాబజార్, దృశ్యం, ఈగ, బాహుబలి, కేరాఫ్ కంచరపాలెం సినిమాల ముగింపులు ట్విస్టులు ఇందులో చెప్పేస్తాను, చూడనివాళ్ళు చూసి రండి, ముఖ్యంగా కంచరపాలెం చూడకుండా ఇది చదవడం అన్యాయం.

స్టెప్ 1: ఏ సినిమా తీసుకోవాలి

మీరు ఆల్రెడీ ఒకసారి చూసేసిన సినిమానే తీసుకోండి. కొత్త సినిమా అయితే తర్వాత ఏమవుతుందా అని మీరే లాక్కుపోబడతారు, పెన్ను పక్కన పడిపోతుంది. మీ ఫేవరెట్ హీరో సినిమా కూడా వద్దు, ఎలివేషన్ వచ్చిన ప్రతిసారీ నోట్స్ రాయడం మానేసి ఈల వేస్తారు. హిట్టే అవ్వాలని రూలేం లేదు, కానీ మొదటిసారికి బాగా నడిచిన సినిమా మేలు, ఫ్లాపుని విప్పడం కొంచెం చెయ్యి తిరిగాక పెట్టుకోండి, అందులో ఇంకా ఎక్కువ నేర్చుకోవచ్చు నిజానికి.

స్టెప్ 2: వన్ లైన్ ఆర్డర్ రాయండి

ఇండస్ట్రీలో కథా చర్చల టైంలో వన్ లైన్ ఆర్డర్ అని రాసుకుంటారు, సీన్‌కి ఒకటో రెండో లైన్లు చొప్పున సినిమా మొత్తం. వాళ్ళు తీయకముందు రాస్తారు, మీరు తీసినదాన్ని చూసి వెనక్కి రాస్తున్నారు, అంతే తేడా. సినిమా పెట్టండి, చోటు మారినా టైం మారినా కొత్త సీన్ కింద లెక్కేసి పాజ్ కొట్టండి, నంబరు వేయండి, పక్కన టైం వేయండి, ఏం జరిగిందో ఒక లైన్లో రాయండి. డైలాగులు రాయొద్దు. షాట్ బాగుంది, మ్యూజిక్ బాగుంది అని కూడా రాయొద్దు. "హీరో ఊరికి వచ్చాడు, చెల్లి పెళ్లి ఆగిందని తెలిసింది" ఇలా ఉండాలి. పాటలకి కూడా నంబరు వేయండి, ఎందుకంటే కొన్ని పాటల్లో ఆరు నెలల కథ జరిగిపోతుంది, కొన్నిటిలో హీరో హీరోయిన్ యూరప్ వెళ్ళొస్తారు తప్ప ఏమీ జరగదు, ఆ తేడా కాగితం మీద కనిపిస్తుంది.

విసుగు వస్తుంది. ఇంటర్వెల్ దాకా వచ్చేసరికి మానేద్దామనిపిస్తుంది కూడా. మానకండి, మొదటి సగమే రాసి ఆపితే దీనివల్ల ఏం లాభం లేదు.

స్టెప్ 3: క్యాలెండర్ ప్రకారం మళ్ళీ రాయండి

ఇప్పుడు కొత్త పేజీ తీసుకుని అవే సంఘటనల్ని అసలు జరిగిన వరసలో రాయండి. ఏ సంవత్సరం ఏది ముందు జరిగిందో అలా. సినిమాలో చూపించకుండా మాటల్లో చెప్పి వదిలేసినవి కూడా ఇందులోకి రావాలి. మొదటి పేజీ కథనం, ఈ రెండో పేజీ కథ. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే దర్శకుడు ఏం చేశాడో అక్కడే తెలిసిపోతుంది.

బాహుబలి తీసుకోండి. క్యాలెండర్ ప్రకారం అయితే అన్నదమ్ముల పోటీ, కాలకేయులతో యుద్ధం, దేవసేన రావడం, అమరేంద్ర బాహుబలి హత్య, శివగామి పసిబిడ్డతో పారిపోవడం, శివుడు పెరగడం, జలపాతం ఎక్కడం, భల్లాలదేవుడి అంతం. సినిమా మాత్రం శివగామి బిడ్డని ఎత్తుకుని నదిలో మునిగిపోతున్న దగ్గర మొదలవుతుంది, అంటే కథ సగం పైగా అయిపోయాక. శివుడికి తనెవరో తెలీదు, మనకీ తెలీదు, అతనితోపాటే మనమూ కొండ ఎక్కుతాం. తర్వాత కట్టప్ప గతం చెప్పడం మొదలుపెట్టి, నేనే చంపాను అని చెప్పిన దగ్గర మొదటి భాగం ఆగిపోయింది. 2015 జూలై 10న ఆగింది, రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చింది, మధ్యలో దేశం మొత్తం ఒకే ప్రశ్న అడిగింది. గమనించాల్సింది ఏంటంటే బాహుబలి చనిపోయాడన్నది వాళ్ళు దాచలేదు, ఎవరు చంపారో కూడా చెప్పేశారు, ఎందుకన్నది ఒక్కటే దాచారు. అన్నీ దాచితే జనానికి ప్రశ్న ఏంటో కూడా తెలీదు, తొంభై శాతం చెప్పి పది దాచితేనే ఆ పది కోసం కొట్టుకుంటారు.

అదే పని కంచరపాలెంతో చేస్తే ఇంకో వింత కనిపిస్తుంది. 2018లో వచ్చిన ఆ సినిమాలో నాలుగు ప్రేమకథలు, స్కూలు పిల్లాడు సుందరం, కుర్రాడు జోసెఫ్, వైన్ షాపులో పనిచేసే గడ్డం, పెళ్లికాని నడివయసు అటెండర్ రాజు. దర్శకుడు వెంకటేష్ మహా ఒక కథలోంచి ఇంకోదానికి కట్ చేసుకుంటూ వెళ్తాడు, మనం నాలుగూ ఒకే టైంలో ఒకే ఊళ్ళో జరుగుతున్నాయని ఫిక్స్ అయిపోతాం. చివర్లో ఆ నలుగురూ ఒక్కడే, రాజే, వేర్వేరు వయసుల్లో. క్యాలెండర్ పేజీ రాస్తే నాలుగు కథలు తిన్నగా ఒకే గీత మీదకి వచ్చేస్తాయి, చాలా మామూలుగా ఉంటుంది, ఒక మనిషి జీవితం. ఆ మామూలు కథని నాలుగు ముక్కలు చేసి కలపడం వల్లే ఆ చివరి పది నిమిషాలు అలా కొట్టాయి. ఇంకా గొప్ప సంగతి, సినిమా ఎక్కడా అబద్ధం చెప్పలేదు. "అదే సమయంలో" అని ఎవరూ అనలేదు, రెండు సీన్లు పక్కపక్కన పెడితే అవి ఒకే టైంలో జరుగుతున్నాయనుకోవడం మనకి అలవాటు, ఆ అలవాటుని వాడుకున్నాడు. రెండోసారి చూసేటప్పుడు కాలం పట్టిచ్చేవి, అంటే వస్తువులు, బట్టలు, గోడల మీద రాతలు, వాటిని ఫ్రేములో ఎలా పెట్టారో లేదా ఎలా తప్పించారో ఒక కంట కనిపెట్టండి.

స్టెప్ 4: ఎవరికి తెలుసు అనే కాలమ్

అసలు పని ఇది, మిగతా స్టెప్పులన్నీ కలిపి దీనికి సగం టైం ఇస్తే చాలు. వన్ లైన్ ఆర్డర్ పక్కన మూడు గళ్ళు గీయండి. ఒకటి ప్రేక్షకుడు, రెండు హీరో లేదా మెయిన్ పాత్ర, మూడు ఎదుటివాడు, విలన్ కావొచ్చు పోలీస్ కావొచ్చు అత్తగారు కావొచ్చు. ప్రతి సీన్ దగ్గర ఆ సీన్‌లో కొత్తగా తెలిసిన సంగతి ఏంటి, ఆ ముగ్గురిలో ఎవరికి తెలిసింది, టిక్ పెట్టండి. పేజీ మొత్తం నిండాక టిక్కులు ఎక్కడ సమానంగా లేవో చూడండి, సినిమాలో మీకు గుండె కొట్టుకున్న చోట్లన్నీ అవే అయి ఉంటాయి.

1957 మాయాబజార్ కంటే దీనికి మంచి పాఠం నాకు తెలీదు. ఘటోత్కచుడు శశిరేఖని మంచంతో సహా ఎత్తుకుపోయి తనే శశిరేఖ రూపంలో వచ్చి కూర్చుంటాడు. మనకి తెలుసు, కృష్ణుడికి తెలుసు, పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడికి తెలీదు, దుర్యోధనుడికి తెలీదు. అంతే, ఆ తర్వాత శశిరేఖగా వేసిన సావిత్రి మామూలుగా నడిచొచ్చినా నవ్వే, లక్ష్మణకుమారుడిగా వేసిన రేలంగి సిగ్గుపడినా నవ్వే. ఇప్పుడు ఒక ప్రయోగం చేయండి, ఘటోత్కచుడు రూపం మార్చుకునే సీన్‌ని మనసులో ఎత్తేసి, పెళ్లిపీటల మీద మనకి కూడా అప్పుడే తెలిసేలా పెట్టి చూడండి. ఒక్క షాక్ దొరుకుతుంది, అరగంట నవ్వు పోతుంది. దర్శకుడు కె.వి.రెడ్డి అరగంట నవ్వునే కోరుకున్నాడు. పైగా ఆ సినిమాలో పాండవులు అసలు తెర మీదకే రారు, అభిమన్యుడు ఉంటాడు సుభద్ర ఉంటుంది, అర్జునుడు మాత్రం కనపడడు. ఎవర్ని చూపించకూడదో తెలియడం కూడా కథనమే.

దృశ్యంలో ఇదే లెక్కని మెలిపెట్టారు. హత్య ఎవరు చేశారో మనం కళ్ళారా చూశాం, పోలీసులకి తెలీదు, రాంబాబు కుటుంబానికి తెలుసు, అంటే మనం ఆ కుటుంబం పక్షాన కూర్చున్నాం. మనకి అన్నీ తెలుసన్న ధీమాతో ఉంటాం. కానీ గోతి తవ్వితే శవం ఉండదు, ఏదో జంతువు కళేబరం ఉంటుంది, అక్కడ మన ముఖం కూడా పోలీసుల ముఖంలాగే అవుతుంది. అప్పటిదాకా మన గడిలో, రాంబాబు గడిలో టిక్కులు ఒకేలా ఉన్నాయి కదా, అందుకే మనం అనుమానించలేదు, ఒక్క టిక్కు మాత్రం అతని గడిలోనే ఉండిపోయింది. శవం కొత్త పోలీస్ స్టేషన్ కింద ఉందని చివరి షాట్లలో చెప్తారు, అదీ మనకే, పోలీసులకి కాదు. ఎవరికి చెప్పకుండా సినిమా అయిపోయిందో చూసుకోండి, ఆ ఖాళీ గడి వల్లే తర్వాత సీక్వెల్‌కి కూడా చోటు దొరికింది.

ఇక సీరియల్. కార్తీక దీపం చూసి నవ్వుకునేవాళ్ళు ఆ టేబుల్ గీసి చూడండి, మాయాబజార్ టెక్నిక్కే. దీప తప్పు చేయలేదని మనకి తెలుసు, భర్త డాక్టర్ బాబుకి తెలీదు, విలన్ మోనితకి తెలిసినా చెప్పదు. ఒక్క టిక్కు డాక్టర్ బాబు గడిలో పడకుండా ఏళ్ళ తరబడి ఆపారు. అక్కడ నవ్వొచ్చింది, ఇక్కడ ఏడుపు, కోపం, "అబ్బా ఇప్పుడైనా చెప్పవే" అని టీవీతో మాట్లాడటం. నిజం తెలియబోయే ప్రతిసారీ ఎవరో తలుపు తీసుకుని వస్తారు, అది విసుగ్గానే ఉంటుంది, నేను కాదనను, కానీ రోజూ జనాన్ని కూర్చోబెట్టింది కూడా అదే.

స్టెప్ 5: ప్రతి సీన్‌నీ ఎత్తేసి చూడండి

ఆర్డర్‌లో ఒక సీన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, ఇది లేకపోతే తర్వాత ఏ సీన్ కూలిపోతుంది అని అడగండి. ఏదీ కూలకపోతే ఆ సీన్ నవ్వించడానికో హీరోని ఎత్తడానికో పెట్టింది, తప్పేం లేదు, కానీ అలాంటివి వరసగా నాలుగు వస్తే జనం ల్యాగ్ అనేది దాన్నే. ల్యాగ్ అంటే సీన్ నిడివి ఎక్కువ ఉండటం కాదు, కొత్తగా ఎవరి గడిలోనూ టిక్కు పడకపోవడం. ఏడు నిమిషాల సీన్ కూడా పరిగెత్తొచ్చు, ఒకటిన్నర నిమిషం సీన్ కూడా నీరసంగా ఉండొచ్చు.

ఇదే టైంలో లీడ్స్ కూడా వెతకండి. చివర్లో పనికొచ్చేదాన్ని ముందెప్పుడో మామూలుగా చూపించి వదిలేయడాన్ని లీడ్ ఇవ్వడం అంటారు. మళ్ళీ మాయాబజారే, పైన నిలబడ్డవాడి చేత నిజం పలికించే సత్యపీఠాన్ని సినిమా మొదట్లో సరదాగా చూపించేస్తారు, మనం మర్చిపోతాం, క్లైమాక్స్‌లో శకుని దాని మీదకి ఎక్కి కుట్రంతా తన నోటితోనే కక్కేస్తాడు. ఆ మొదటి సీన్ లేకుండా పీఠం సరాసరి క్లైమాక్స్‌లో వస్తే "ఇదేంటి ఇప్పుడు" అంటాం. లీడ్ పెట్టిన సీన్‌కి వేరే పని కూడా ఉండాలి, నవ్వో గొడవో పాటో ఏదో ఒకటి, లేకపోతే లీడ్ అని జనం పసిగట్టేస్తారు. ఈ మధ్య థ్రిల్లర్లలో కెమెరా ఒక వస్తువు మీద మూడు సెకన్లు ఎక్కువ ఆగితే చాలు, హాల్లో పక్కవాడు హంతకుడెవరో చెప్పేస్తున్నాడు.

స్టెప్ 6: ఇంటర్వెల్, ఎపిసోడ్ ముగింపు

ఇంటర్వెల్ అంటే పెద్ద ఫైటు, బ్లాస్టు అనుకుంటారు చాలామంది. మీ టేబుల్లో ఇంటర్వెల్ లైన్ దగ్గర ఏ గడి నిండిందో చూడండి. ఈగలో హీరో ముందే చనిపోయి ఈగగా పుడతాడు, ఇంటర్వెల్ దాకా ఆ పగ సంగతి ఈగకి, మనకి తెలుసు, విలన్‌కి ఏదో ఈగ విసిగిస్తోందని తప్ప తెలీదు. కారు యాక్సిడెంట్ తర్వాత అద్దం మీద నిన్ను చంపేస్తానని ఈగ రాస్తుంది. విలన్ గడిలో టిక్కు పడింది, ఇంటర్వెల్ పడింది. అందుకే సెకండాఫ్ ఇంకో ఆట, ఇప్పుడు ఇద్దరికీ యుద్ధం జరుగుతోందని తెలుసు. మీరు విప్పే సినిమాలో ఇంటర్వెల్ తర్వాత కూడా ఫస్టాఫ్ ఆటే నడుస్తుంటే సెకండాఫ్ ఎందుకు పడిపోయిందో మీకు దొరికినట్టే.

టీవీకి లెక్క కొంచెం వేరు. అమృతం లాంటివాటిలో ఎపిసోడ్ అయ్యేసరికి అన్నీ మొదటికొస్తాయి, అమృతం, అంజి ఎంత పెద్ద ప్లాన్ వేసినా ఆఖరికి అదే అమృత విలాస్ హోటల్, అదే ఇడ్లీ. కాబట్టి ఏ ఎపిసోడ్ నుంచి చూసినా అర్థమవుతుంది, రాసేవాడికి ప్రతివారం కొత్త లెక్క. డైలీ సీరియల్‌లో అరగంట స్లాటులో యాడ్లు పోను మిగిలేది ఇరవై నిమిషాల చిల్లర, చూసేవాళ్ళు కూర తరుగుతూ సగం వింటూ ఉంటారు, అందుకే ప్రతి సంగతీ నోటితో చెప్పిస్తారు, నిన్నటిది ఇవాళ ఇంకొకరి చేత మళ్ళీ చెప్పిస్తారు. తెలివితక్కువగా కాదు, వినేవాళ్ళ కోసం రాస్తున్నారు. వెబ్ సిరీస్‌లో తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలైపోతుంది, అక్కడ నిన్నటిది గుర్తుచేయాల్సిన పని తక్కువ, ఇంకొక్కటి చూసి పడుకుందాం అనిపించాలి అంతే. మీరు ఏ ఫార్మాట్‌కి రాస్తున్నారో ముందే తేల్చుకోండి, సినిమాకి రాసిన కథని ఎనిమిది ముక్కలు కోసి సిరీస్ అనేస్తే ఎపిసోడ్లు అడుగడుగునా సగంలో తెగినట్టే ఉంటాయి.

స్టెప్ 7: ఇప్పుడు మీ కథ

పది నిమిషాల షార్ట్ ఫిల్మ్ అనుకుందాం. ముందు క్యాలెండర్ పేజీ రాయండి. ఉదాహరణకి ఇది నేను అల్లింది: కొడుకు ఆన్‌లైన్ బెట్టింగ్‌లో డబ్బు పోగొట్టుకుంటాడు, బీరువాలోంచి అమ్మ గొలుసు తీసి తాకట్టు పెడతాడు, దాని చోట అచ్చం అలాంటి గిల్టు గొలుసు పెడతాడు, వారం తర్వాత అక్క సీమంతం, అమ్మ ఆ గొలుసు వేసుకుంటుంది, బంగారం కొట్టున్న బాబాయి కూడా ఫంక్షన్‌కి వస్తాడు. కథ ఇంతే, ఇది మారదు. ఇప్పుడు గళ్ళు మార్చండి.

మొదటి రకం, దొంగతనం ముందే చూపించేయండి. మనకి, కొడుక్కి తెలుసు, అమ్మకి తెలీదు. సీమంతంలో బాబాయి అమ్మ వైపు రెండడుగులు వేస్తే చాలు, వాడితోపాటు మనకీ చెమట పడుతుంది. "వదినా ఆ గొలుసు ఎక్కడ చేయించావు, ఏదీ" అన్నాడంటే ఇక చూసుకోండి.

రెండో రకం, సీమంతంతో మొదలుపెట్టండి. బాబాయి గొలుసు పట్టుకుని చూసి గొంతు తగ్గించి "వదినా ఇది గిల్టుది" అంటాడు. మనకీ అమ్మకీ ఒకేసారి తెలిసింది. ఇక మిగతా ఎనిమిది నిమిషాలు ఎవరు తీశారన్న వెతుకులాట, ఫ్లాష్‌బ్యాక్ చివర్లో వస్తుంది. ఇది చాలామంది తీసే రకం, నాకు అంత ఇష్టం లేదు, ఎందుకంటే ఇంట్లో ఉన్నది నలుగురే, జనం ఒక నిమిషంలో కనిపెట్టేస్తారు.

మూడో రకంలో మొదటి రకంలాగే నడిపించండి, దొంగతనం చూపించండి, కొడుకు చెమటలు చూపించండి. బాబాయి చెయ్యి గొలుసు దాకా వచ్చేసరికి అమ్మ పైట సర్దుకుని గొలుసు కప్పేసి "ముందు భోజనాలకి లేవండి, ఆలస్యమవుతోంది" అంటుంది. అమ్మకి ముందే తెలుసు. పాతికేళ్ళు మెడలో వేసుకున్న గొలుసు బరువు ఆమెకి తెలీదా. మనకి అన్నీ తెలుసనుకున్నాం, దృశ్యంలోలాగా ఒక టిక్కు ఆమె గడిలోనే ఉండిపోయింది. దీనికి లీడ్ కావాలి, పొద్దున బీరువా తీసి గొలుసు చేతిలోకి తీసుకున్నప్పుడు అమ్మ ఒక్క క్షణం ఆగి, ఏమీ అనకుండా మెడలో వేసుకోవాలి, అదే సీన్లో కూతురు పక్కనుంచి "అమ్మా టైం అయిపోతోంది" అని తొందరపెట్టాలి, అప్పుడు ఆ ఆగడాన్ని ఎవరూ పట్టించుకోరు.

మీ కథకి కూడా ఇలా మూడు టేబుళ్ళు గీశాకే ఒకటి ఎంచుకోండి. మొదట తట్టినదే చివరికి ఎంచుకున్నా పర్లేదు, మిగతా రెండు చూసి ఎంచుకున్నారు కదా.

స్టెప్ 8: నోటితో చెప్పండి

డైలాగులు రాయకముందు ఎవరికైనా నెరేషన్ ఇవ్వండి, సినిమా వాసన లేని మనిషైతే ఇంకా మంచిది, మీ అత్తయ్యో పక్కింటి అన్నో. కాగితం చూడకుండా ఆర్డర్‌లో చెప్పండి. బాగుందా అని అడగకండి, బాగుందనే అంటారు. వాళ్ళు మధ్యలో ఆపి "ఆగాగు, ఇంతకీ వాళ్ళమ్మకి తెలుసా?" అని అడిగిన చోటు గుర్తుపెట్టుకోండి. ఆ ప్రశ్న మీరు పుట్టించాలనుకున్న చోటే పుడితే ఆ సీన్ ముట్టుకోకండి. మీరు అనుకోని చోట పుడితే పైన ఎక్కడో ఒక గడి సరిగ్గా నింపలేదు, వెనక్కి వెళ్ళి ఆ లైన్ వెతకండి. వింటున్నవాళ్ళు ఫోన్ చేతిలోకి తీసుకున్న చోట సీన్ నంబరు చుట్టూ సున్నా చుట్టండి, అక్కడికి ముందు రెండు మూడు సీన్లలో కొత్త టిక్కు పడి ఉండదు, వాటిని కలిపి ఒకటి చేయండి లేదా తీసేయండి. సరిచేసిన ఆర్డర్‌ని అదే మనిషికి మళ్ళీ చెప్తే లాభం లేదు, వాళ్ళ గళ్ళన్నీ ఇప్పటికే నిండిపోయి ఉంటాయి, ఇంకొకరిని పట్టుకోండి.